బొత్తాం కడుపు, పట్టకారు గారి ముక్కు

యుద్ధాలకూ, పట్టాభిషేకాలకూ, ఓడలు ఒడ్డు చేరిన రోజులకూ తారీఖులు రాసిపెట్టినవాళ్లు, పాల మీద మీగడను మనిషి మొట్టమొదట ఎప్పుడు అసహ్యించుకున్నాడో మాత్రం ఎక్కడా రాయలేదు. మానవజాతి మొత్తం సంగతి మనకు తెలియదు. ఒక్క మనిషి విషయంలో మాత్రం ఆధారాలన్నీ అనుమానానికి తావు లేకుండా దొరుకుతున్నాయి.

ఆయన వాచీలు బాగుచేస్తారు. వీధిలో అందరూ ఆయన్ని పట్టకారు గారంటారు. పేరులో గారు కలిపినంత మాత్రాన గౌరవం కాదని ఆయనకు తెలుసు. ఆయన ఇంట్లో ఏడు గోడ గడియారాలున్నాయి. పొద్దున ఏడు కావడానికి తొమ్మిది నిమిషాలుండగా మొదటిదానికి కీ ఇవ్వడం మొదలుపెడతారు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య పెద్ద కప్పు నిండా వేడి పాలు తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఏడో గడియారానికి కీ ఇచ్చి ఆయన కుర్చీలో కూర్చునేసరికి ఏడూ కలిసి ఏడు కొడతాయి. పాల మీద మీగడ కట్టి ఉంటుంది.

అప్పుడు ఆయన చొక్కా జేబులోంచి చిన్న ఇత్తడి పట్టకారు తీస్తారు. ఇది కొట్టులో వాడేది కాదు, మీగడకే కేటాయించినది. ఒక అంచు పట్టుకుని, చిరగకుండా, తొణక్కుండా, మొత్తం పొరను ఒక్క తడవలో పైకి లేపుతారు. అది వేలాడుతుంది. చివర్న ఒక చుక్క జారుతుంది. ముఖం పక్కకు తిప్పుకుని దాన్ని సాసర్లో పడుకోబెడతారు. ఆ పదార్థం కంటికి కనబడుతూ ఉండగా పాలు గొంతు దిగవు కాబట్టి, తల వంచకుండా, చెయ్యి మాత్రమే వంచి, సాసరును కుర్చీ ముందు కాలు పక్కన నేల మీద పెడతారు. పట్టకారు తుడుస్తారు. తాగుతారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఈ కార్యక్రమం ఒక్కరోజు తప్పలేదు.

దీని మూలం ఆయన బాల్యంలో ఉంది. ఒకసారి పెద్దమ్మ ముక్కు మూసి మీగడ మింగించింది. అది అంగిట్లో అతుక్కుంది. నలభై ఏళ్లయినా ఇంకా పూర్తిగా కిందికి దిగలేదని ఆయన నమ్మకం.

మరో విషయం కూడా నమోదు చేయాలి. గత నాలుగేళ్లుగా మీగడ మందం పెరుగుతూ వచ్చింది. "పాలకు సిగ్గు లేకుండా పోయింది" అనేవారు ఆయన, పొరను ఎత్తి చూపిస్తూ. "ఇదివరకు కాగితంలా ఉండేది. ఇప్పుడు చూడు, దుప్పటి." భార్య కొంచెం నవ్వుకునేది.

ఆయన కొట్టు ఒక భవనం మెట్ల కింద ఉంది. మనిషి నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే సరిపోతుంది. అద్దాల బల్ల, దాని మీద మెడ వంచిన దీపం, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, కంటికి బిగించుకునే భూతద్దం. జనం చేతికి పెట్టుకునే వస్తువును రోజూ వెనక మూత విప్పి చూసేవాడికి జనం మీద గౌరవం నిలవడం కష్టం. పట్టీ సందుల్లో పేరుకున్న జిడ్డు, చచ్చిన చర్మం, ఎప్పటిదో చెమట, ఎవరిదో పౌడరు కలిసి నల్లటి ముద్దలవుతాయి. ఆయన దాన్ని పుల్లతో గీకి తీసి కాగితంలో మడిచి పారేసేవారు. వీధిలో పెద్దమనుషులు నమస్కారం పెడితే ఆయన తిరిగి నమస్కారం పెట్టేవారు గానీ, మనసులో ఆ ముద్దలు మెదిలేవి.

ఇలాంటి మనిషి ఇంట్లోకి నాలుగేళ్ల కిందట కుక్క వచ్చింది.

తెచ్చింది బావమరిది. అద్దె ఇంట్లో కుక్కలు కుదరవని యజమాని అంటే, తల్లి దగ్గర వదిలేసి వెళ్లాడు. ఆ తల్లి, అంటే పట్టకారు గారి అత్తగారు, వాళ్లింట్లోనే ముందు గదిలో ఉంటుంది. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. కుట్టు మిషన్ ఇంకా ఆ గదిలోనే ఉంది గానీ, ఇప్పుడు చేతులు వణుకుతాయి. దిండు గలీబులూ, బల్ల మీద పరిచే గుడ్డలూ కుడుతుంది. వాటి అంచులు నేలను తాకుతాయి. వంకర కనబడకుండా పొడుగు పెంచడం ఆవిడ పద్ధతి. కుక్క మూడు కిలోలుంటుంది. తెల్లటి బొచ్చు, రెండు నల్లటి కళ్లు, ఒక నల్లటి ముక్కు. దాన్ని చూడగానే ఆవిడ "బొత్తాం" అంది. అదే పేరు.

పట్టకారు గారికీ బొత్తానికీ మధ్య మాటల్లేని ఒడంబడిక ఉండేది. అది ఆయన్ని నాకదు, ఆయన దాన్ని ముట్టుకోరు. పొద్దున పూట అది బల్ల కింద, అత్తగారు కుట్టిన గుడ్డ చాటున పడుకునేది. మిగతా రోజంతా మిషన్ తొక్కుడు పలక మీద.

ఆ ఒడంబడిక ఒక గురువారం నాడు రద్దయింది. కొట్టుకు బయల్దేరుతూ పట్టకారు గారు గుమ్మం దగ్గర ముందు మూసిన తోలు చెప్పులో కాలు పెట్టారు. చెప్పులో బొత్తాం అంతకుముందే కక్కి ఉంది. పాదం పూర్తిగా లోపలికి వెళ్లాకే ఆయనకు ఆ సంగతి తెలిసింది. వెచ్చగా, పసుపుగా, నురగగా ఉంది. వేళ్ల మధ్యలోంచి పైకి వచ్చింది.

ఆయన అరవలేదు. అరవడానికి నోరు తెరవాలి, నోరు తెరిస్తే ఆయన కడుపులోది కూడా బయటికి వచ్చేటట్టుంది. ఒంటికాలి మీద స్నానాల గదికి గెంతుకుంటూ వెళ్లి అరగంట బయటికి రాలేదు.

"ఏమండీ, సబ్బు అయిపోయిందా?" అంది భార్య తలుపు బయట నుంచి.

"కాలు అయిపోయింది" అన్నారు లోపల్నుంచి.

సాయంత్రానికి రెండో దశ, ఈసారి వెనక వైపు నుంచి, మొదలైంది. ఆ దశను వర్ణించడం మర్యాద కాదు గానీ, జరిగింది జరిగినట్టు చెప్పాలి. మొదట అన్నంలా ఉంది, తర్వాత గంజిలా అయింది, తర్వాత జిగురులా సాగింది, ఆ జిగురులో ఎర్రటి చారలు వచ్చాయి. వాసన మాత్రం ఒక క్రమం పాటించకుండా మొదటి నుంచే పూర్తి స్థాయిలో ఉంది. పుల్లగా, ఇనుముగా, తలుపులు వేసినా ఆగకుండా, గడియారాల లోపలికి కూడా వెళ్లిందని ఆయనకు అనుమానం. బొత్తాం ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి, ఎవరికో సాష్టాంగపడుతున్నట్టు గది మధ్యలో నిలబడింది. కడుపు నొప్పి భరించలేక అలా నిలబడుతుందని తర్వాత తెలిసింది. తెలియనప్పుడు అత్తగారు మాత్రం ఒకటే మాట అంది.

"నన్ను చూసి దండం పెడుతోంది. ఏదైనా చెయ్యండి అల్లుడు గారూ."

పశువుల డాక్టరమ్మ పొట్టి మనిషి, పెద్ద గొంతు. బొత్తాం కడుపు నొక్కి, స్కానింగు తీసి, రక్తం పరీక్ష చూసి చెప్పింది.

"క్లోమం వాచింది. ప్యాంక్రియాస్. కొవ్వు అరగదీసే గ్రంథి అది, ఇప్పుడు తనని తానే అరగదీసుకుంటోంది. ఇలాంటి బుజ్జి జాతులకు ఎక్కువగా వస్తుంది. తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు. ఏం పెడుతున్నారు దీనికి?"

"మేం తినేదాంట్లోది ఏదీ పెట్టం. డబ్బాలో గింజలే" అంది భార్య.

"ముద్దు కోసం? కొసరు కోసం?"

"ఏమీ లేదు."

"అందరూ ఇదే చెప్తారు" అంది డాక్టరమ్మ, ఏ ఆవేశమూ లేకుండా.

నాలుగు రోజులు సెలైన్ ఎక్కించి, వాంతులు ఆగే సూదులు వేసి, ఐదో రోజున ఇంటికి పంపింది. రోజుకు ఐదుసార్లు, చెంచాలతో కొలిచి, కొవ్వు లేని కోడిమాంసం ఉడికించి మెత్తటి అన్నంలో కలిపి పెట్టాలి. మందు చుక్కలు బుగ్గ పక్కనుంచి వెయ్యాలి. ఒంట్లో నీరు తగ్గిందేమో చూడటానికి మెడ మీద చర్మం పట్టి లేపి వదలాలి. అది వెంటనే సర్దుకోవాలి, ఆలస్యమైతే పరుగెత్తుకు రావాలి. చిగుళ్లు తెల్లబడుతున్నాయేమో చూడాలి. బయటికి వచ్చినదాన్ని, ఏ వైపు నుంచి వచ్చినా సరే, చూసి, రంగూ చిక్కదనమూ రాసి, అవసరమైతే కొంచెం డబ్బాలో పెట్టి తేవాలి.

ఇంట్లో ముగ్గురు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భార్య ఒక బడి కార్యాలయంలో పనిచేస్తుంది, ఏడున్నరకు బయల్దేరితే సాయంత్రమే. అత్తగారికి చెయ్యి వణుకు, మందు బుగ్గలోకి కాక చెవిలోకి పోతుంది. వణకని చేతులు ఆ ఇంట్లో రెండే రెండున్నాయి. అవి ప్రపంచంలోకెల్లా శుభ్రమైన చేతులు.

"నా వల్ల కాదు" అన్నారు పట్టకారు గారు.

"కాకపోతే చచ్చిపోతుంది" అంది భార్య. కోపంగా కాదు, ఏడున్నర బస్సు ఎన్నింటికి అంటే చెప్పినట్టు చెప్పింది.

ఆ విధంగా ఆయన నర్సు అయ్యారు. ముక్కుకు బట్ట కట్టుకుని, దాని లోపల కర్పూరం పెట్టుకుని, చేతులకు రెండు జతల తొడుగులు వేసుకుని, బొత్తాన్ని బుట్టలో పెట్టుకుని కొట్టుకు తీసుకెళ్లేవారు. మెడ చర్మం సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్ వాచీతో చూసేవారు. ఒక్క సెకను. ఒకటిన్నర. మళ్లీ ఒకటి. ఇంత కచ్చితమైన లెక్క తన ఇరవై ఏళ్ల వృత్తిలో ఎవరూ తేలేదని డాక్టరమ్మ తర్వాత ఒప్పుకుంది. ప్రతిసారీ ఆయనకు వాంతికి వచ్చినంత పనయ్యేది. మింగుకునేవారు. అది తలుచుకుని మళ్లీ వచ్చేది.

నమూనాలు పెట్టడానికి ఆయన దగ్గర చక్కటి డబ్బాలున్నాయి. వాచీ మరలు పెట్టుకునే గుండ్రటి గాజు మూత డబ్బాలు. వాటి మీద చిన్న అక్షరాలతో "మంగళవారం, ఉదయం", "మంగళవారం, మధ్యాహ్నం" అని రాసి వరసగా పేర్చారు. మంగళవారం వాచీ ఇచ్చిపోయిన ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి, "నాది ఇదేనా?" అంటూ ఆయన వారించేలోపు మూత తీశాడు. అతను ఇప్పుడు ఫోన్లోనే టైము చూసుకుంటున్నాడు.

తొమ్మిది రోజులు బాగుంది. పదో రోజు మళ్లీ పసుపు నురగ. మళ్లీ సాష్టాంగం. ఈసారి బల్ల కిందే, అత్తగారు కుట్టిన గుడ్డ అంచు నిండా. మళ్లీ ఐదు రోజులు సెలైన్. రెండోసారి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గొంతు తగ్గించింది.

"చూడండి సార్. ఇక్కడుంటే తేరుకుంటోంది. మీ ఇంటికొస్తే పాడవుతోంది. తప్పు మీ ఇంట్లో ఉంది. ఎవరో ఏదో పెడుతున్నారు. ఇంకోసారి ఇలా వస్తే నేను బతికిస్తానని చెప్పలేను."

ఆ మాట పట్టకారు గారిని రెండు రకాలుగా తాకింది. ఒకటి, ఎవరో పెడుతున్నారు. రెండు, ఇంకోసారి వస్తే. మొదటిదాని గురించే ఆయన దారంతా మాట్లాడారు. రెండోదాని గురించి మాట్లాడలేదు గానీ, బస్సులో బుట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేతికి తొడుగు లేదు. ఇంటికి రాగానే ఆ చెయ్యి నాలుగుసార్లు కడుక్కున్నారు.

ఇంటికి రాగానే ఆయన మొదటి ఉత్తర్వు బల్ల మీది గుడ్డ గురించి. ఉతికినా సరే, అది ఇక బల్ల ఎక్కడానికి వీల్లేదు. రెండోది విచారణ గురించి.

విచారణ వృత్తి ధర్మం ప్రకారం జరిగింది. ముందు భూతద్దం. శనివారం ఉదయం నమూనాను గాజు పలక మీద పలచగా పరిచి, కంటికి అద్దం బిగించి, ఊపిరి బిగబట్టి, ఆయన చూశారు. మనుషుల చేతి జిడ్డుకే ముఖం చిట్లించిన మనిషి ఆ దగ్గరి నుంచి ఆ వస్తువును చూడటం ఏ కొలతతో కొలిచినా చిన్న విషయం కాదు. అద్దంలో అది ఒక దేశంలా కనబడింది, కొండలూ వాగులూ. వాగుల మీద మెరుపు ఉంది. ఆ మెరుపు ఆయనకు తెలుసు.

"నూనె" అన్నారు, తలెత్తి. "కొవ్వు లోపలికి వెళ్తోంది. ఎక్కువైన కొవ్వు అరక్క అలాగే బయటికొస్తోంది. వాచీకి నూనె లేకపోతే ఆగుతుంది. ఎక్కువైనా ఆగుతుంది."

"భోంచేస్తున్నాం" అంది భార్య.

తర్వాత రెండో పద్ధతి. ఆగిన వాచీలో తప్పు ఎక్కడుందో తెలియకపోతే, ఒక్కో చక్రం తీసి పక్కన పెట్టి చూస్తారు. దేన్ని తీస్తే అడ్డు పోతుందో తప్పు దానిదే. సోమ, మంగళవారాలు భార్యను పక్కన పెట్టారు. ఆవిడ కుక్క గిన్నె ముట్టరాదు, వంటింట్లో కుక్క ఉండగా అడుగుపెట్టరాదు. మెరుపు పోలేదు. బుధ, గురువారాలు అత్తగారిని పక్కన పెట్టారు. మిషన్ గది తలుపు మూసేశారు. కుక్క తలుపు దగ్గర కూర్చుని ఏడ్చింది. అత్తగారు తలుపు అవతల కూర్చుంది, ఆవిడేం చేసిందో ఎవరూ చూడలేదు. మెరుపు పోలేదు. వాచీలో ఇక చక్రాలు మిగల్లేదు. బాగుచేసేవాడు వాచీలో భాగమని ఏ మెకానిక్కూ అనుకోడు.

గురువారం సాయంత్రం అత్తగారి చీర కుచ్చిళ్ల మీద ఆయనకు నూనె మరక కనబడింది. అంతే. తలుపు మూసినా, సందులోంచి ఏదో తోస్తోందన్నమాట.

"అత్తయ్య గారూ, మీరు పెద్దవారు. చెప్పేయండి. ఏం పెడుతున్నారు?"

"ఏం పెడతాను నాయనా?"

"మరి ఈ మరకేంటి?"

ఆవిడ మరకను చూసుకుంది. ఆయన ముఖం చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. ఇరవై రెండేళ్లలో ఆయన ఆవిడతో అంత గొంతు పెంచింది అదే మొదటిసారి.

"నా చేత్తో దానికి విషం పెడతానా?" అంది చివరికి. "సరే. నా కళ్ల ముందుంటే పెడతానంటున్నారు కదా. మా వాడింటికి పంపేయండి. నేను చూడకపోయినా సరే, బతికుంటే చాలు."

బావమరిది ఇప్పుడు కుక్కలకు అభ్యంతరం లేని ఇంకో ఇంట్లో, నాలుగో అంతస్తులో, ఒంటరిగా ఉంటున్నాడు. పొద్దున ఎనిమిదికి తాళం వేస్తే రాత్రి ఎనిమిదికి తీస్తాడు. రోజుకు ఐదుసార్లు చెంచాతో తినాల్సిన కుక్క అక్కడ ఎలా ఉంటుందో ముగ్గురికీ తెలుసు. డాక్టరమ్మను అడగాల్సిన పనే లేదు. అయినా భార్య తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ నమ్మని స్థితి వచ్చింది. వంటింట్లో చెంచా చప్పుడైతే ముగ్గురూ తలలు తిప్పి చూసేవారు.

ఆదివారం పొద్దున బావమరిది బుట్ట తీసుకుని వచ్చేసరికి పట్టకారు గారు నాలుగో గడియారానికి కీ ఇస్తున్నారు.

"ఏం బావా, కేసు తేలిందట? మా అమ్మే ముద్దాయి అట? నువ్వు కొట్టులో కూర్చోవాల్సిన మనిషివి కాదు, పోలీసు స్టేషన్లో ఉండాల్సింది."

"వెక్కిరింతలు తర్వాత. దాని మందులు రాసి పెట్టాను, చూసుకో. చుక్కలు కుడి బుగ్గలో వెయ్యి. ఎడమ బుగ్గలో వేస్తే ఉమ్మేస్తుంది. మెడ చర్మం ఒక సెకను దాటితే నాకు ఫోన్ చెయ్యి. ఎప్పుడైనా సరే."

"నీకు కుక్కంటే అసహ్యం కదా?"

"అసహ్యమే. అందుకే చెప్తున్నా, సరిగ్గా చూడు."

ఏడో గడియారానికి కీ ఇచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఏడూ కలిసి ఏడు కొట్టాయి. అత్తగారు ముందు గదిలో గోడ వైపు తిరిగి కూర్చుంది. పట్టకారు గారు జేబులోంచి ఇత్తడి పట్టకారు తీశారు.

"నేను ఎవరినీ అనాలని అనలేదు" అన్నారు, మీగడ అంచు పట్టుకుంటూ. "కానీ శాస్త్రం శాస్త్రమే. కొవ్వు గాల్లోంచి రాదు." పొర లేచింది. దుప్పటి అంత ఉంది. "ఎవరో ఒకరు, ప్రేమతోనే అనుకుందాం, రోజూ, తెలిసో తెలియకో..." చుక్క జారింది. సాసర్లో పడుకోబెట్టారు. "మన చేతులతో మనమే దాని ప్రాణం తీస్తున్నాం." తల వంచకుండా, చెయ్యి వంచి, సాసరును కుర్చీ కాలు పక్కన నేల మీద పెట్టారు.

బల్ల మీద గుడ్డ లేదు. ఎదురుగా కూర్చున్న బావమరిదికి బల్ల కింద అంతా కనబడుతోంది.

"బావా."

"ఏంట్రా?"

"కింద చూడు."

"పాలు తాగనివ్వు. అది కనబడితే నాకు తాగబుద్ధి కాదు."

"అది కాదు, దాన్ని తినేది చూడు."

ఇరవై రెండేళ్లలో మొదటిసారి పట్టకారు గారు తల వంచి చూశారు. బొత్తాం సాసరు పక్కన కూర్చుని ఉంది. తొందర లేదు, దొంగతనం లేదు. రోజూ చేసే ఉద్యోగంలా నాకుతోంది. మీగడ ఒక కొస మూతికి అతుక్కుని వేలాడుతోంది. నాలిక బయటికి వచ్చి, ఆ కొసను పట్టి, లోపలికి లాక్కుంది. సాసరు అద్దంలా మెరిసింది.

ఆయనకు ఆ క్షణంలో ముందుగా కలిగింది పశ్చాత్తాపం కాదు, వాంతి. కప్పు పక్కన పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పెద్దమ్మ మింగించిన ముక్క నలభై ఏళ్ల తర్వాత పైకి బయల్దేరింది. పశ్చాత్తాపం దాని వెనకాల వచ్చింది.

"రోజూ... దీన్ని... నువ్వు తీసి పారబోయట్లేదా?" అన్నారు భార్యతో.

వంటింటి గుమ్మంలో ఆవిడ తడి చేతులతో నిలబడిపోయింది.

"నేనెందుకు పారబోస్తానండీ? సాసరు ఖాళీగా వస్తోంది కదా. మీరు తింటున్నారనుకున్నాను."

"నేనా? మీగడా?"

"నాలుగేళ్ల నుంచీ ఖాళీగానే వస్తోంది. బొత్తాం ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో మాత్రం మిగిలింది, దిగులుతో తినట్లేదనుకున్నా. చివరికి అలవాటైందిలే, మొహమాటానికి చెప్పట్లేదనుకున్నా. మీరు ఆ పట్టకారు తతంగమంతా మా ముందు పరువు కోసం చేస్తున్నారనుకున్నా. అందుకే..." ఆగింది.

"అందుకే?"

"గిన్నెలో పై మీగడ ఒక చెంచా ఎక్కువ వేస్తున్నాను మీ కప్పులో. ఒంటికి మంచిదని."

బావమరిది బుట్ట మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ మూసి, కుర్చీ కింద పెట్టాడు.

"అమ్మా" అన్నాడు గట్టిగా. "నువ్వు నిర్దోషివి. బయటికి రావచ్చు."

అత్తగారు వచ్చింది. సాసరు చూసింది, కుక్కను చూసింది, అల్లుణ్ణి చూసింది. ఆవిడ కోప్పడుతుందని అందరూ ఎదురుచూశారు. కుచ్చిళ్లు పట్టుకుని మరక వెలుతురుకు చూపించింది.

"ఇది మిషన్ నూనె" అంది. "మీరు తెచ్చిచ్చిందే."

డాక్టరమ్మ ఫోన్లో మొత్తం వింది. దగ్గుతున్నట్టు వినబడింది గానీ దగ్గు కాదు.

"జబ్బు మొదలవడానికి ఇదే కారణమని రాసివ్వలేను సార్, ఈ జాతులకు ఊరికే కూడా వస్తుంది. కానీ మూడు కిలోల ప్రాణికి, ఆ స్థితిలో, రోజూ అంత మీగడ అంటే, మీరు గిన్నెడు వెన్న తిన్నట్టు. ఆపండి. ఆపితే బతుకుతుంది."

ఆపారు. మూడు వారాలకు వాగుల మీద మెరుపు పోయింది. పట్టకారు గారు భూతద్దంతో స్వయంగా చూసి, ఇంటిల్లిపాదీ భోజనం ముగించాకే ప్రకటించారు. జబ్బు పూర్తిగా పోలేదు, పోదు కూడా. బతికినన్నాళ్లూ చెంచాతో కొలిచిన తిండే. నెలకోసారి ఎక్కడో ఒకచోట పసుపు నురగ కనబడుతుంది. ఆయన చెప్పులో కాలు పెట్టేముందు దాన్ని బోర్లించి, దులిపి, లోపలికి దీపం వేసి చూస్తారు. బొత్తాం ఒకరోజు ఒడంబడిక మీరి ఆయన పాదం నాకింది. ఆయన పాదం మూడుసార్లు కడుక్కున్నారు గానీ, వెనక్కి లాక్కోలేదని అత్తగారు గమనించింది.

క్షమాపణ అనే పదం ఆయన వాడలేదు. ఒక ఆదివారం కుట్టు మిషన్ మొత్తం విప్పి, నలభై ఏళ్ల దారపు పీచునూ గడ్డకట్టిన జిడ్డునూ ముక్కు చిట్లిస్తూ గీకి తీసి, మళ్లీ బిగించారు.

"నూనె ఎక్కువైంది, తుడిచాను" అన్నారు అత్తగారితో.

"నూనె సంగతి మీకు బాగా తెలుసు లెండి" అంది ఆవిడ. కానీ ఆ వారమే బల్లకు కొత్త గుడ్డ కుట్టింది. ఈసారి పొట్టిగా, వంకర అంచు అందరికీ కనబడేటట్టు.

మిగిలింది మీగడ సమస్య. దాన్ని ఇక ఎక్కడ పెట్టాలి? ఈ విషయం మీద ఆ ఇంట్లో ఒక సాయంత్రమంతా చర్చ జరిగింది. చెత్తబుట్టలో వేస్తే కుక్క బుట్ట పడేస్తుంది. సింకులో పోస్తే గొట్టం జిడ్డు కడుతుంది, ఆ గొట్టం శుభ్రం చేసేది మళ్లీ ఆయనే. బల్ల మీదే ఉంచితే పాలు గొంతు దిగవు. ఆయనే తినాలని బావమరిది ఫోన్లో ప్రతిపాదించాడు. ఆయన ఫోన్ పెట్టేశారు. మూత ఉన్న డబ్బా కావాలా, కిటికీ బయట పెట్టాలా, ఇంకో పట్టకారు కొనాలా అని వాదన పెరుగుతూ ఉంటే, అత్తగారు దారం కొరుకుతూ అడిగింది.

"ముందు పాలు తాగి, తర్వాత గడియారాలకు కీ ఇవ్వకూడదా?"

మర్నాడు ఆయన అలాగే చేశారు. పాలు వేడిగా ఉండగానే తాగేస్తే మీగడ కట్టదు.